లేబుళ్లు సరిచూడమ్మా

సాఫ్ట్‌వేర్ నుంచి అప్పుడే బయటికొచ్చిన టేబుల్ నలుగురికీ చూపించేలా ఉండదు. మధుమేహం మీద థీసిస్ రాస్తున్న ఆ పీజీ అమ్మాయి మొదటిసారి గైడు ముందు పెట్టిన టేబులూ అంతే. ఎడమవైపు వరుసల్లో డేటా ఎక్కించేటప్పుడు పెట్టుకున్న పొట్టి పేర్లు, లారీ నంబర్ల మాదిరి. ఆడా మగా అని ఉండాల్సిన చోట 1, 2. పైన ‘క్యారెక్టరిస్టిక్’ అని, ఆర్ సాఫ్ట్‌వేర్‌లో టేబుళ్లు కట్టే జీటీసమ్మరీ తనంతట తాను తగిలించిన శీర్షిక. వివరం దొరకని రోగులున్న ప్రతిచోటా ‘అన్‌నోన్’ అని ఒక వరుస అదనం.

గైడు కోప్పడలేదు. ఆయనకు ఇలాంటివి సరిదిద్దడమంటే సరదా.

“చదివేవాడు మన ఎక్సెల్ షీటు చూడడమ్మా. టేబులే చూస్తాడు. అందులో ఏం రాసుంటే అదే నమ్ముతాడు.”

కుర్చీ దగ్గరికి లాక్కుని దగ్గరుండి నేర్పారు. ‘లేబుల్’ అన్నచోట ఒక్కో పొట్టి పేరుకూ పూర్తి పేరు, కొలమానంతో సహా. అన్‌నోన్ తీసేసి ‘వివరం లేదు’. 1, 2 అంకెలను మాత్రం ఫ్యాక్టర్‌గా, అంటే గుంపుల గుర్తులుగా, మార్చాకే పేర్లు పెట్టమన్నారు. ఈ ఫ్యాక్టర్ దగ్గరే ఆర్ వాడేవాళ్లు బోల్తా పడేది. లెవెల్స్, అంటే ఆ గుర్తులు, ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే లేబుల్స్ అతుక్కుంటాయి. లెవెల్స్ మనం చెప్పకపోతే అంకెల్ని చిన్నదాన్నుంచి పెద్దదానికీ, మాటల్ని అక్షరక్రమంలోనూ ఆర్ తనే పేర్చేసుకుంటుంది. తప్పు పేరు తప్పు గుంపుకి అతుక్కున్నా హెచ్చరిక రాదు, ఎర్ర అక్షరాలు రావు. టేబుల్ ఎప్పటికన్నా అందంగానే వస్తుంది.

“మా ఎస్‌పీఎస్‌ఎస్ రోజుల్లోనూ ఇదే గొడవ. వాల్యూ లేబుల్స్ గడిలో ఏం కొడితే అదే వేదం” అన్నారాయన. 1968లో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఇప్పటికీ మన మెడికల్ కాలేజీల్లో సగం థీసిస్‌లు దాని మీదే నడుస్తున్నాయంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

ఏటా రీసెర్చ్ మెథడాలజీ క్లాసులో ఆయన చెప్పే కథ ఒకటుంది. అమెరికాలో బాల్టిమోర్. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో చేరిన 240 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతోపాటు, ఇంటికెళ్లాక కూడా జబ్బును తామే ఎలా చూసుకోవాలో మూడు నెలలపాటు నర్సుల తోడ్పాటు. తోడ్పాటు అందినవాళ్లు ఆరు నెలల్లో ఆ జబ్బుతో మళ్లీ ఆస్పత్రికో ఎమర్జెన్సీకో పరిగెత్తింది సగటున మనిషికి 0.72 సార్లు, అందనివాళ్లు 1.40 సార్లు. దాదాపు సగానికి సగం! 2018లో ‘జామా’ పత్రిక అచ్చేసింది.

ఇక్కడ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవారు.

“2019లో అదే జామా ఆ పేపర్ని వెనక్కి తీసుకుంది. గుంపుల కోడు 1, 2 ఉంటే దాన్ని 0, 1గా మార్చారు. మార్చడంలో తిరగబడింది. 1.40 తోడ్పాటు అందినవాళ్లది, 0.72 అందనివాళ్లది! అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు, పేర్లే తారుమారు. పట్టుకున్నదీ వాళ్లే, పత్రికకి రాసుకున్నదీ వాళ్లే, సరిచేసి మళ్లీ అచ్చేయించిందీ వాళ్లే. సైన్స్ అంటే అదర్రా!”

వెనక బెంచీలవాళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టేవాళ్లు.

అమ్మాయి థీసిస్ ఆయన పాత పరిశోధనకి పొడిగింపే. షుగర్ రోగులకి నర్సు వారం వారం ఫోన్ చేసి మందులూ తిండీ గుర్తుచేస్తే షుగర్ అదుపులోకి వస్తుందని చాలా ఏళ్ల క్రితం ఆయన చిన్న పేపర్ రాశారు. ఆ పేపరుతోనే ప్రొఫెసర్ అయ్యారని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు. జిల్లా ఎడిషన్‌లో వచ్చిన ఫొటో ఫ్రేము కట్టించి గోడకుంది. ఇప్పుడు ఎక్కువమంది రోగులతో అదే విషయాన్ని ఆ అమ్మాయి చేత చేయించారు.

లేబుళ్లన్నీ ముస్తాబయ్యాక చివరి టేబుల్ వచ్చింది. ఫోన్ అందుకున్నవాళ్ల షుగరే పెరిగింది. అందుకోనివాళ్లది తగ్గింది.

“తారుమారయ్యుంటాయి. లేబుళ్లు సరిచూడమ్మా” అన్నారాయన, తాపీగా.

కవర్లలో దాచిన గుంపుల చీటీలు తీసి ఒక్కో రోగినీ సరిచూసింది. తేడా లేదు.

“ఇంకోసారి.”

నర్సు కాల్ రిజిస్టరుతో పోల్చింది. తేడా లేదు. ఫోన్‌లో అంతా చెబుతున్నారు కదాని ఓపీకి రావడం మానేశారేమో అని రిజిస్టరు చూస్తుంటే అనుమానం కూడా వచ్చింది. అది రాస్తే థీసిస్‌కి మంచి చర్చే అయ్యేది.

ఆయన సొరుగులోంచి పాత పెన్‌డ్రైవు తీసిచ్చారు. “నా ఫైలు ఇందులో ఉంది. నేను కోడింగ్ ఎలా చేశానో చూసి, అలా చెయ్యి.”

ఆ రాత్రి హాస్టల్లో తెరిచింది. స్కాన్ చేసిన ప్రొటోకాల్ కాగితంలో 1 అంటే మామూలు వైద్యం, 2 అంటే ఫోన్. వాల్యూ లేబుల్స్ గడిలో 1 ఫోన్, 2 మామూలు. పేర్లు సరిచేసి మళ్లీ నడిపింది. ఆయన రోగుల్లోనూ ఫోన్ అందుకున్నవాళ్లకే షుగర్ పెరిగింది.

పొద్దున్నే రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి నిలబడింది. ఆయన చాలాసేపు చూశారు. లేచి తలుపు దగ్గరికి వేసొచ్చారు.

“జామా వాళ్లకి రాసినట్టు మనమూ ఒక ఉత్తరం రాయాలేమో సార్...” అంది, భయపడుతూనే.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“నిజమేనమ్మా. ఒకే డిపార్ట్‌మెంటు నుంచి వచ్చిన రెండు టేబుళ్లు ఒకదానికొకటి ఎదురు చెప్పకూడదు. సరిచేయాల్సిందే.”

అమ్మాయి ముఖం విప్పారింది.

“నాది అచ్చయిపోయింది కదా” అంటూ ఆమె ప్రింటు ఆమె వైపే జరిపారు. “నీ లేబుళ్లు మార్చు.”