ఇరవై మూడున్నర సెంట్ల తగాదా

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, ఆ నూరో వంతు కోసమే గట్లు జరగడం, సర్వేయరు గొలుసుతో దిగడం, తాతల నాటి దావా మనవల దాకా నడవడం అక్కడ కొత్త కాదు. 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఆంగ్ల పండితుడు, హార్మోనియం మీద పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేసి ఒక్కో భాగానికి సెంటు అనే పేరే పెట్టినప్పుడు, ఈ గట్టు తగాదాల సంగతి ఆయనకు తెలిసి ఉండదు గాని, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది.

తగాదా మూలాన్ని గ్రహించడానికి మార్కాపురం పలక, ఒక బలపం చాలు. షడ్జానికి, పంచమానికి మధ్య నాదాల నిష్పత్తి 2:3 గనుక, షడ్జం నుంచి పంచమానికి, ఆ పంచమాన్నే షడ్జంగా భావించి దాని పంచమానికి, ఇలా 12 అంగలు వేస్తే 7 స్థాయిలు దాటి మళ్లీ షడ్జం మీదికే చేరాలని చెవి ఆశిస్తుంది. పలక మీద లెక్క వేస్తే, 12 మూళ్ల లబ్ధం 531441, 19 రెండ్ల లబ్ధం 524288. ఈ రెండూ సమానమైతేనే అంగలు షడ్జం మీద పడతాయి గాని, 7153 తేడా వస్తుంది. ఎక్కం తప్పిన పిల్లవాడికైతే మొట్టికాయ వేయవచ్చు. ఇక్కడ తప్పిన వాడు సృష్టికర్త కావడం వల్ల ఆ సౌకర్యం లేదు. దొండాకుతో రుద్దినా, బడిపిల్లల సనాతన పద్ధతిలో ఉమ్మితో తుడిచినా చెరగని ఈ శేషాన్నే పైథాగరస్ కామా అంటారు. దాని విస్తీర్ణం సుమారు ఇరవై మూడున్నర సెంట్లు.

హద్దు దాటిన ఈ జాగాను 12 పంచమాల్లో ఎవరు వదులుకోవాలన్న పంపకానికే ఇంగ్లీషులో టెంపరమెంట్ అని పేరు. చాలా డిజిటల్ పియానోల మెనూలో పైథాగరస్, మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్, సమ విభజన వంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి గాని, అవన్నీ నిజానికి వేర్వేరు ఊళ్ల పెద్దమనుషులు చెప్పిన తీర్పులు. పైథాగరస్ తీర్పులో 11 మంది అన్నదమ్ములు చెక్కుచెదరకుండా ఉండగా కడసారివాడు మొత్తం నష్టపోతాడు. 1691లో జర్మన్ సంగీత శాస్త్రవేత్త వెర్క్‌మైస్టర్ ప్రకటించిన వాటిలో ప్రసిద్ధమైన తీర్పు ప్రకారం నలుగురు తలా ఆరు సెంట్లకు కాస్త తక్కువగా వదులుకుంటే మిగతా ఎనమండుగురు సుఖంగా ఉంటారు. సమ విభజనలో అందరూ తలా రెండేసి సెంట్లు వదులుకుంటారు. ఎవరికీ తృప్తి ఉండదు, ఎవరూ కోర్టుకు పోరు.

అన్నిటికంటె వింతైనది మీన్‌టోన్. గాంధారం నిఖార్సుగా పలకాలన్న పట్టుదలతో ఇది 11 పంచమాల నుంచి సుమారు అయిదున్నర సెంట్ల చొప్పున కోసేస్తుంది. కోయవలసినదానికి మించి కోసినందువల్ల మిగిలినదంతా పన్నెండోవాడి పొలంలో కలిసి, వాడు దాదాపు 36 సెంట్లు ఉబ్బిపోతాడు. ఆ ఉబ్బిన పంచమం ఊళ వేసినట్టు వినిపిస్తుందని ఐరోపావారు దానికి తోడేలు అని పేరు పెట్టారు. నల్లమల పక్కన కాపురముండే గిద్దలూరువారికి పులి సంగతులు కొత్త కాకపోయినా, తోడేలు సంగీతం పెట్టెలో కాపురముంటుందన్న మాట కొత్తే. పైగా అది సాధారణంగా తిష్ఠ వేసేది హార్మోనిస్టుల లెక్కలో ఐదున్నరకు, రెండున్నరకు మధ్య. ఐదున్నర శ్రుతి అంటే కర్ణాటక సంగీతం నేర్చుకునే ఆడపిల్లల్లో ఎంతోమంది పాడే శ్రుతి, రెండున్నర దాని పంచమం. కనుక కుతూహలం కొద్దీ తండ్రి మెనూలో మీన్‌టోన్ నొక్కి ఊరుకుంటే, ఆ వెంటనే కూతురు సరళీ స్వరాల్లో పంచమం చేరేసరికి తోడేలు పలుకుతుంది. తిట్లు మాత్రం పిల్లకే పడతాయి.

ఈ పంపకాల చింత తెలుగు నేలకు కొత్త కాదు. విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల ఆజ్ఞపై రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో, ఒకే రాగానికి మెట్లు అమర్చిన ఏకరాగమేళ వీణ, మెట్లు కదపకుండానే అన్ని రాగాలూ పలికే సర్వరాగమేళ వీణ అనే భేదం ఉంది. రాగం మారినప్పుడల్లా మైనం కరిగించి మెట్లు జరపలేక విసిగిన వైణికులకు ఈ రెండోది ఎంత ప్రాణం లేచివచ్చిన మాటో ఊహించుకోవచ్చు. ఒక వీణ భేదానికి ఆయన అచ్యుతదేవరాయల పేరిట అచ్యుతరాజేంద్రమేళ వీణ అని పేరు ఇవ్వడం చూస్తే, సంగీత శాస్త్రంలో కూడా పాత ప్రభువును మరవని మంత్రిగారని తెలుస్తుంది.

సమ విభజనకు సన్నిహితమైన హార్మోనియం మాత్రం పండితుల కోపానికి గురైంది. అసలైన 5:4 నిష్పత్తి గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటే, హార్మోనియం గాంధారం 400 దగ్గర కూర్చుంటుంది. గమకం మాట అడగనే కూడదు. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి ఆ పెట్టెను బహిష్కరించగా, ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. తిరునాళ్లలో తెల్లవార్లూ ఆడే పద్య నాటకాలకు ఈ నిషేధం వర్తించలేదు. రాగం తీస్తూ తీస్తూ నటుడు ఆ పద్నాలుగు సెంట్లనూ గొంతుతోనే దాటేస్తుంటే, హార్మోనిస్టు తన మెట్టు మీద వేలుంచి వేచి ఉండేవాడు.

డిజిటల్ పియానోలో వెర్క్‌మైస్టర్ తీర్పును గంటసేపు శ్రద్ధగా అమలుపరచిన గృహస్థుకు ఒక చిక్కు ఉంది. చాలా యంత్రాల్లో ఎంపికను విడిగా భద్రపరచకపోతే అది ఆపగానే పోతుంది. కనుక కరెంటు పోయి వచ్చేసరికి మెనూ నిశ్శబ్దంగా సమ విభజనకు చేరుకుంటుంది, ఇంట్లో మిగతావారు ఆ సంగతి గమనించనే గమనించరు.