మేడ మీద మీటింగు

మీ ఊళ్లో దివ్యాంగుల రాకపోకల హక్కుల కోసం సంఘం పెడతారట. ర్యాంపు కావాలి, కమ్మీ కావాలి, లిఫ్టు అంతస్తు పేరు పైకి చెప్పాలి అంటారట. శుభం. ఆఫీసు మనిషిగా నా సలహా వినండి.

తొలి సమావేశం మేడ మీదే పెట్టండి. కింద పెడితే చక్రాల కుర్చీల వాళ్లు నిజంగానే వచ్చేస్తారు. వస్తే ఊరుకోరు, మాట్లాడతారు. గౌరవాధ్యక్షుడిగా మెట్లెక్కగల పెద్దమనిషిని ఎన్నుకోండి. డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, నాలుగు మూడుచక్రాల బండ్లు పంచి, వాటి ముందు నాయకులంతా వరసగా నిలబడండి. బండి పుచ్చుకున్న మనిషి ఫొటోలో కనబడకపోయినా ఫర్వాలేదు, ఫ్లెక్సీలోనూ లేడుగా!

ఏం చేసినా టేపు మాత్రం పట్టుకోకండి. గొడవంతా దానితోనే. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు ఉండాలని ప్రమాణం. అంటే అడుగున్నర ఎత్తున్న గుమ్మానికి 18 అడుగులు. మా కాంట్రాక్టరు 4 అడుగుల్లో కానిచ్చేశాడు. దాని మీదికి చక్రాల కుర్చీ ఎక్కదు గానీ, దిగడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. పైగా బైకులు నిలుపుకోవడానికి మాకు అంతకంటే వాటమైన చోటు లేదు. ప్రత్యేక మరుగుదొడ్డీ ఉంది. అందులో పాత ఫైళ్లున్నాయి. తాళంచెవి అటెండరు దగ్గరుంది. అటెండరు టీకి వెళ్లాడు.

చట్టం ఊసెత్తకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ పాత ప్రభుత్వ భవనాలను సరిచెయ్యడానికి నిబంధనలు వచ్చిన నాటి నుంచి ఐదేళ్లు గడువిచ్చింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022 జూన్‌లో పోయింది. మేం ఎక్కడికీ పోలేదు. చట్టం ‘చేసి తీరాలి’ అంటే, నిబంధనల కింది మార్గదర్శకాలు చాలాచోట్ల ‘చేస్తే మంచిది’ అన్నాయి. ఆ మెత్తదనం మీదే ఇన్నాళ్లూ కుర్చీల్లో కూర్చున్నాం. హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు దేశమంతటి అవస్థలూ నివేదికగా రాసి సుప్రీంకోర్టుకు ఇచ్చారు. కోర్టు 2024 నవంబర్‌లో ఆ మెత్తదనానికి మూలమైన 15వ నిబంధన చెల్లదు పొమ్మంది, తప్పనిసరి ప్రమాణాలు తెమ్మని కేంద్రానికి మూడు నెలలిచ్చింది. ఇక తొలిసారి చట్టం మీరితే జరిమానా 10,000 రూపాయల లోపే. మా ప్రారంభోత్సవంలో శాలువాలకే అంతకన్నా ఎక్కువైంది.

ఇంత చెప్పినా వినక, తెల్లకర్రలతో, వీల్‌చెయిర్లతో సోమవారం గ్రీవెన్స్‌కు వస్తామంటారా? రండి. సారే మెట్లు దిగొచ్చి అర్జీ తీసుకుంటారు. ఆ దయకూ ఫొటో ఉంటుంది. కాకపోతే అర్జీలో వాలు పొడవు, గుమ్మం ఎత్తు, 45వ సెక్షన్ రాసి, రసీదు అడక్కండి బాబూ. రేపు సమాచార హక్కు కింద దాని గతేమైందని అడిగితే, 30 రోజుల్లో జవాబు రాసి సంతకం పెట్టాల్సింది ఫొటోలో ఉన్నవాళ్లు కాదు, మేం.