పేర్లు పడుతుంటే లేచిపోండి

కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు. కథ ఎలా రాయాలో ఒకరు, కెమెరా ఎక్కడ పెట్టాలో ఇంకొకరు, ఏ హీరోకి ఏ డైరెక్టరు పడడో వేరొకరు చెప్పేస్తారు. సినిమా ఎలా చూడాలో చెప్పేవాడే దొరకడు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు. నాకు అర్హత ఉంది. ఆదివారం ఆదివారం కలిసి సినిమాకి వెళ్ళే మా బృందాన్ని ఆరేళ్ళుగా నా చేతుల మీదుగా నడిపిస్తున్నాను. మొదలుపెట్టినప్పుడు ఇరవై ముగ్గురం. ఇప్పుడు నలుగురం. ఇంత నాణ్యత ఊరికే రాలేదు.

ముందుగా సినిమా ఎంపిక. ఎవర్నీ అడక్కండి. అడిగారా, ఎవడో ఒకడు ‘మాయాబజార్’ అంటాడు. 1957 నాటి సినిమా, అందరూ ఇరవైసార్లు చూసిందే. మళ్ళీ చూస్తే అందరూ కలిసి నవ్వుకుంటారు. కలిసి నవ్వుకున్నవాళ్ళకి ప్రెసిడెంటు అవసరం ఉండదు. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు మావాళ్ళు ఆ పని చేశారు కూడా. మా బృందంలో ఒక లైట్‌మన్ ఉండేవాడు. మార్కస్ బార్ట్‌లే ఆ పడవ పాటలో లేని వెన్నెలని ఎలా పుట్టించాడో ముప్పావు గంట చెప్పాడట. దీపానికి అడ్డంగా చెయ్యి పెట్టి, గోడ మీద నీడ వేసి మరీ చూపించాడట. అందరూ చప్పట్లు కొట్టారట. ఈ ‘అట’లన్నీ విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీరు చెయ్యాల్సింది ఇది. హంగేరీ దర్శకుడు బేలా తార్ 1994లో ‘సాటాన్‌టాంగో’ అని ఒకటి తీశాడు. ఏడు గంటల పైచిలుకు. గ్రూపులో అది ప్రకటించండి. ఆదివారం ఏడు గంటలు ఖాళీగా ఉండేవాళ్ళు కృష్ణానగర్‌లో రెండే రకాలు. కాల్షీటు లేనివాళ్ళు, కాల్షీటు అక్కర్లేనివాళ్ళు. మొదటి రకం బెంగతో రారు. రెండో రకమే మనకు కావలసింది. మీరు ఆ సినిమా చూసి ఉండాలా అని అడగకండి. నేను చూశానా?

సినిమాలు చూపించి వదిలేస్తే ఎంత ప్రమాదమో చరిత్ర చెబుతుంది. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసుకునే ఉద్యోగం రాయ్‌ది. ఆ కంపెనీ పని మీదే లండన్ వెళ్ళి, ఉన్న కొద్ది నెలల్లో వంద దాకా సినిమాలు చూసేశాడు. చూసి ఊరుకున్నాడా? 1955లో ‘పథేర్ పాంచాలి’ తెచ్చి మీద పడేశాడు. అంతదూరం ఎందుకు, మన తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ సంగతి చూడండి. ఉస్మానియాలో ఎకనామిక్స్ చదువుకోరా అబ్బాయీ అంటే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. ఆ తర్వాత 1974లో ‘అంకుర్’. అది చాలక తెలుగులో ‘అనుగ్రహం’. అలాంటి ఇంకో సొసైటీ మనిషి మృణాల్ సేన్, బెంగాల్ నుంచి వచ్చి 1977లో మన భాషలో ‘ఒక ఊరి కథ’ తీసి వెళ్ళాడు. చూసినవాళ్ళంతా ఇలా తీస్తూ పోతే కూర్చుని చర్చించడానికి ఎవరు మిగులుతారు? కాబట్టి సినిమా చూశాక ఎవరి కళ్ళలోనైనా మెరుపు కనిపిస్తే వెంటనే సభ్యత్వ రుసుము బకాయి గురించి అడగండి. తగ్గిపోతుంది.

‘అంకుర్’ వచ్చిన 1974లోనే హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ కూడా మొదలైంది. అమీర్‌పేటలో సారథి స్టూడియో ప్రివ్యూ థియేటర్లో దేశదేశాల సినిమాలు వేస్తుంటారు. మనకెంత దూరం? యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ అమీర్‌పేట. ఓపికుంటే నడిచి కూడా పోవచ్చు. ఇంత దగ్గర్లో అలాంటి చోటుందని మీ సభ్యులకు పొరపాటున కూడా చెప్పకండి. నేను చెప్పలేదు.

ఇక చూసే పద్ధతి. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా బృందం చెడింది ఇక్కడే.

కృష్ణానగర్ వాళ్ళతో సినిమా చూడడం మామూలు విషయం కాదు. ‘ఖడ్గం’, ‘నేనింతే’ చూసినవాళ్ళు ఈ పేటంటే హీరో కావాలని వచ్చి మెస్సులో అప్పు పెట్టే కుర్రాళ్ళే అనుకుంటారు. వాళ్ళు కొందరే. తక్కిన జనమంతా పనివాళ్ళు. తెల్లారకముందే సందు చివర బస్సెక్కి ఆరింటి కాల్షీటుకి వెళ్ళేవాళ్ళు. అలాంటి మనిషి పక్కన కూర్చుంటే తెర మీద హీరోయిన్ ఏడుస్తుంటుంది, మనవాడు వెనక గోడ రంగు చూస్తుంటాడు. “ఆ సెట్టు రెండోసారి వాడారండీ, కిటికీ మాత్రం మార్చారు” అంటాడు. భగ్న ప్రేమికుడు వర్షంలో తడుస్తుంటే “ట్యాంకర్ నీళ్ళు, చలికి చచ్చుంటాడు పాపం” అంటాడు. వీళ్ళని నోరు మూయించడం ప్రెసిడెంటు మొదటి బాధ్యత.

అందరిలోకీ కష్టం మా బాబాయితో. పేరు అక్కర్లేదు, నలభై ఏళ్ళ సర్వీసులో తెర మీద కూడా ఆయన పేరు పడలేదు. జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళిపందిట్లో తాంబూలం అందుకునే పెద్దమనిషి, కోర్టులో వెనక బెంచీ, రచ్చబండ దగ్గర ఎడమ నుంచి మూడో తలపాగా. భీమవరం వైపు మనిషి. ‘అండీ’ లేకుండా మాట పూర్తి చెయ్యడు.

ఆ ఆదివారం ‘బైసికిల్ థీవ్స్’ పెట్టాను. ఇటలీ సినిమా, 1948, విత్తోరియో డి సికా తీసింది. తెలిసినవాళ్ళ డబ్బింగ్ గది సాయంత్రం ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాం. గోడలకి కార్పెట్టు అంటించిన ఇరుకు గది, పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను. బాబాయి షూటింగ్ నుంచి తిన్నగా వచ్చాడు. పొద్దున అంటించిన మీసం తాలూకు జిగురు పై పెదవి మీద తెల్లగా ఎండిపోయి ఉంది. కూర్చున్న దగ్గర్నుంచి చూపుడువేలి గోటితో దాన్ని గీక్కుంటూనే ఉన్నాడు. చిన్న చిన్న పెచ్చులు చొక్కా మీద రాలుతున్నాయి. పక్కనే నేను. ఆ శబ్దం ఎలా ఉంటుందంటే, పక్కవాడు అప్పడం మీద గీతలు గీస్తున్నట్టు ఉంటుంది.

ఆయనకి ఇంగ్లీషు రాదు. కింద పడే అక్షరాలు చదివి చెప్పమని మా పోస్టర్లబ్బాయిని అడిగాడు. నేను వద్దన్నాను. మీరూ వద్దనండి. చదవలేనివాడికి ప్రపంచ సినిమా ఎందుకు అర్థం కావాలి?

అర్థమైంది, అదే నా బాధ. కథ మీకు తెలిసే ఉంటుంది. రోమ్‌లో పని లేనివాడికి గోడల మీద పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది, కానీ సైకిలుండాలి. సైకిలు తాకట్టులో ఉంది. పెళ్ళాం దుప్పట్లు తీసి మూటగట్టి, తాకట్టు కొట్లో ఇచ్చి సైకిలు విడిపిస్తుంది. ఆ కొట్లో ఒకడు దుప్పట్ల మూట భుజాన వేసుకుని అటకల మీదికి ఎక్కుతాడు. ఎక్కుతూనే ఉంటాడు, పైకప్పు దాకా అన్నీ అలాంటి మూటలే. అక్కడ బాబాయి గీకడం ఆపేశాడు. మరుసటి రోజు ఆ మనిషి సినిమా పోస్టరు అంటిస్తుండగా సైకిలు పోతుంది. మా పోస్టర్లబ్బాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “అన్నా, జిగురు సరిగ్గా పూయలే, ముడత పడ్డది చూడు” అన్నాడు. సైకిలు పోయిందిరా అంటే, “అది కూడా చూసిన” అన్నాడు.

ఆపైన నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. సినిమా అయ్యాక మాట్లాడాల్సిన మాటలు ఒక కాగితం మీద రాసుకొచ్చాను. నియో రియలిజం, యుద్ధానంతర ఇటలీ, లాంగ్ షాటు. ఎవరూ అడక్కపోయినా వీటినే చెప్పాలి. కానీ ఆ రోజు అందరూ గమ్మున కూర్చుని ఉండేసరికి, గొప్పకు పోయి, చదివిన ఒక సంగతి చెప్పేశాను. అందులో తండ్రి వేషం వేసిన లాంబెర్తో మజ్జొరానీ నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. సినిమా ప్రపంచమంతా ఆడింది. ఆయన మళ్ళీ ఫ్యాక్టరీకి వెళితే పని తీసేశారు. సినిమాలో లక్షలు గడించి ఉంటాడు కదా, అంతకన్నా లేనివాడికి ఇద్దాం అనుకున్నారట. నిజానికి ఆయనకి వచ్చింది ఇంట్లోకి సామాన్లు కొనుక్కునేంత. తర్వాత తాపీ పని చేశాడు. చిన్న చిన్న వేషాల కోసం తిరిగాడు. దొరికితే దొరికింది, లేకపోతే లేదు.

గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. బాబాయి అన్నాడు, “కార్డు లేదాండీ ఆయనకి?”

యూనియన్ కార్డు అని ఆయన ఉద్దేశం. ఇక మొదలైంది. కార్డుకి ఎంత కట్టాడో ఒకడు, రావలసిన బేటా ఏ సినిమాలో ఆగిపోయిందో ఇంకొకడు, ఒక పెద్ద సినిమాలో ముందు వరసలో ముఖం బాగా కనిపించిందని ఆ తర్వాత నెలరోజులు అదే సినిమాకి పిలవకుండా వదిలేసిన సంగతి బాబాయీ. లైట్‌మన్ టీ తెప్పించాడు. రాత్రి పదకొండున్నర దాకా కదల్లేదు. నియో రియలిజం అన్నమాట ఒక్కసారి కూడా ఎవరి నోటా రాలేదు. కాగితం అలాగే మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, నటీనటుల జీవిత విశేషాలు కృష్ణానగర్‌లో చెప్పకూడదని. చెప్పాలనిపిస్తే బంజారాహిల్స్ వెళ్ళి చెప్పండి. అక్కడ ‘అయ్యో, ఎంత ఐరనీ!’ అని ఊరుకుంటారు.

మిగతావి చిన్న చిట్కాలు. ఆలస్యంగా వెళ్ళండి, చెక్‌పోస్టు ట్రాఫిక్ అని చెప్పండి, మెట్రోలో వచ్చినా సరే. థియేటర్లో నవ్వాల్సిన చోట కాస్త ఆగి, అందరూ నవ్వడం అయ్యాక ఒక్కరే నవ్వండి. పాప్‌కార్న్ తినేవాడిని చిన్నచూపు చూడండి, కానీ పొట్లం మీ వైపు తిప్పితే కాదనకండి. కొత్త తెలుగు సినిమా బాగుంటే ఒప్పుకోకండి. దానికి కొరియాలో మూలం ఉందని చెప్పండి. ఏ సినిమా అని అడిగితే గుర్తొచ్చాక చెబుతానండి అనండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, టైటిల్సు పడుతుంటే లేచిపోవడం. పాత సినిమాలతో ఈ బాధ లేదు, పేర్లన్నీ మొదట్లోనే వేసి, చివర శుభం అని పంపించేవారు. ఇప్పుడు ఆఖర్న నిమిషాల తరబడి పేర్లు పాకుతుంటాయి. ఒకసారి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సెకండ్ షో చూశాం. అయిపోయింది, లైట్లు వేశారు, చీపుర్లు వచ్చాయి. బాబాయి లేవడు. కుర్చీ అంచుకు జరిగి, మెడ చాచి చూస్తున్నాడు. ఆయనేమీ చదువుకున్నవాడు కాదు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. ఇంగ్లీషు పేర్లయితే గీతలే. అయినా చూస్తున్నాడు. “ఏం బాబాయ్, రాత్రి ఒంటిగంట కావస్తోంది, ఎవరి కోసం?” అన్నాను.

“మమ్మల్ని పంపినాయన పేరు పడుద్దండీ,” అన్నాడు. “జూనియర్లని సప్లయి చేసినాయనది. అది పడితే మేమంతా పడ్డట్టే గదండీ.”

నాలుగు వందల మందిని పంపినవాడి పేరు ఒక్క వరసలో వస్తుంది, రెండు క్షణాలు ఉంటుంది. ఆ రెండు క్షణాలకీ ఐదు నిమిషాలు. లైట్‌మన్ కూడా ఆయన పక్కన కూలబడ్డాడు. పోస్టర్లబ్బాయి ఊడ్చేవాళ్ళకి అడ్డం రాకుండా కాళ్ళు పైకెత్తి పెట్టుకున్నాడు. ఆటోవాడు బయట హారన్ కొడుతున్నాడు. మర్నాడు గ్రూపులో నిబంధన పెట్టాను. సినిమా అయిన తక్షణం సభ్యులందరూ బయటికి రావాలి, ఎవరి కోసమూ ఆగడం జరగదు.

మరుసటి ఆదివారం బాబాయి రాలేదు. కాల్షీటు ఉందేమో అనుకున్నాను. ఆ తర్వాతి వారం లైట్‌మన్ రాలేదు, పోస్టర్లబ్బాయీ రాలేదు. వాళ్ళ వెనకే ఇంకొందరు. విడిపోయి ఏం చేస్తారులే అనుకుంటే, మొన్న మెస్సులో తెలిసింది. ఆదివారాలు ముగ్గురూ కలిసి అమీర్‌పేట వెళ్తున్నారట, యూసుఫ్‌గూడ మీదుగా నడుచుకుంటూ. పోస్టర్లబ్బాయి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని బాబాయి చెవిలో చెబుతాడట. వచ్చేటప్పుడు దారి పొడుగునా కొట్లాడుకుంటూ వస్తారట, ఏ టీ కొట్టు దగ్గరా తెగకుండా.

ఆ దారిలో మీకెక్కడైనా ఎదురైతే పోయిన వారం ఏం చూశారో కనుక్కుని నాకు చెప్పండి. నేను అడిగానని మాత్రం అనకండి.