ఎర్రచుక్క ఆసామి

నజ్రాన్‌లో తెలుగువాళ్లు అద్దెకుండే భవనాల ముందు, కార్లు నిలిపే చోట, అక్కడక్కడా సిమెంటు మీద అరచేతి వెడల్పున ఎర్రటి మరక కనిపిస్తుంది. రక్తం కాదు, పాన్ ఉమ్మి కాదు, పవర్ స్టీరింగ్ ఆయిల్. ఆ మరక ఎవరి కారు కిందిదో అతడే ఎర్రచుక్క ఆసామి. పాత స్పోర్ట్స్ కారు కొని, దాని స్టీరింగ్ ర్యాక్ కారుతోందని తెలిసీ, బాగుచేయించకుండా ఆయిల్ పోసుకుంటూ ఏళ్లు నెట్టుకొచ్చేవాడని ఇతడికి నిర్వచనం. కారగానే మెకానిక్ దగ్గరికి పోయినవాడు ఈ కోవలోకి రాడు. అతడు మామూలు కారు యజమాని. అతడి గురించి రాయడానికేమీ లేదు.

నజ్రాన్ ఇతడికి అనువైన చోటు. సౌదీ అరేబియా నైరుతి మూల, యెమెన్ సరిహద్దు దగ్గర, సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న ఈ ఊళ్లో వాన అరుదు. పడ్డ మరక పడ్డట్టే ఉంటుంది. ఊరికి ఉత్తరాన హిమా దగ్గర బిడారు బాటన పోయినవాళ్లు వేల ఏళ్లుగా రాళ్ల మీద చెక్కిన బొమ్మలూ రాతలూ ఉన్నాయి. 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆసామి మరకలకు ఆ గౌరవం దక్కలేదు గానీ, అతడు ఏ గోడ పక్కన ఎంతకాలం కాపురమున్నాడో తేల్చడానికి అంతకన్నా నమ్మకమైన శాసనం లేదు. ఇక తూర్పున షరూరా దారిలో రుబ్ అల్ ఖాలీ ఎడారి మొదలవుతుంది. ఆ ఇసుకకూ ఈ కథలో పనుంది.

ఆసామి సైట్ సూపర్‌వైజరో, ఆసుపత్రి టెక్నీషియనో, క్రేన్ ఆపరేటరో అయి ఉంటాడు. జగిత్యాలవాడు కావచ్చు, కడపవాడు కావచ్చు, కోనసీమవాడూ కావచ్చు. చిన్నప్పుడు నాన్న సైకిలు కడ్డీ మీద, పెద్దయ్యాక ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద తిరిగినవాడు. పెళ్లాంపిల్లలు ఊళ్లో ఉంటారు. మొదట కొందామనుకున్నది కరోలా. అయితే ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే సౌదీ వదిలి శాశ్వతంగా, ఊరెళ్లిపోతున్న ఒకాయన, ఇంచుమించు అదే డబ్బుకు పాత మస్టాంగ్ ఇస్తానన్నాడు. ఎగ్జిట్ కొట్టించుకున్నవాడి తొందర ముందు ఏ బేరమైనా కొనేవాడిదే. తాళంచెవి చేతిలో పెడుతూ ఆయన ఒక్క మాటన్నాడు: “స్టీరింగ్ ఆయిల్ మాత్రం అప్పుడప్పుడూ చూసుకోండన్నా, అంతే.” ఆ ‘అంతే’ ఎంత పొడుగో ఆసామికి మూడో నెలలో తెలుస్తుంది.

ఎనిమిది సిలిండర్ల ఇంజిను మీద అతడు ఎంత వేగంగా పోతాడంటే, ముందున్న నీళ్ల ట్యాంకరు ఎంత వేగంగా పోతే అంత. 2010లో మొదలైన సాహెర్ స్పీడ్ కెమెరాలు జీతంలోంచి ఎంత కోస్తాయో అతడికి కంఠస్థం. కారు శబ్దం మాత్రం వీధి చివరి బకాలా కొట్టు దాకా వినిపిస్తుంది, అది చాలు.

రోగం తెలియాలంటే ముందు అవయవం తెలియాలి. స్టీరింగ్ చక్రం కింది కడ్డీ చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది అడ్డంగా పడుకున్న పళ్ల కడ్డీని ఎడమకో కుడికో జరుపుతుంది. ఆ కడ్డీయే ర్యాక్. దాని రెండు చివర్లా టై రాడ్లు, వాటి కొసన చక్రాలు. ఇంతవరకు మనిషి బలం. మిగతా బలం ఆయిల్‌ది. ఇంజిను బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో పంపుతుంది. చక్రం తిప్పగానే పినియన్ పైనున్న సన్నటి కడ్డీ వెంట్రుకవాసి మెలిపడి వాల్వు తెరుస్తుంది. ఆయిల్ ర్యాక్ గొట్టంలోకి దూరి పిస్టన్‌ను కావలసిన పక్కకు నెడుతుంది. చక్రం పూర్తిగా ఒక పక్కకు తిప్పి పట్టుకుంటే లోపలి ఒత్తిడి, టైర్లలోని గాలి ఒత్తిడికి ముప్పై రెట్లు దాటొచ్చు. ఇంత ఒత్తిడినీ గొట్టం చివర్లలో ఆపుతున్నది బొటనవేలికి ఉంగరంలా పట్టేంత రబ్బరు సీలు. దాని బయట అకార్డియన్ మడతల రబ్బరు తొడుగు ఉంటుంది, దాన్ని బూటంటారు. బూటు చిరిగితే షరూరా ఇసుక లోపలికొచ్చి కడ్డీ నున్నదనాన్ని గీస్తుంది. గీతపడిన కడ్డీ అటూ ఇటూ పోయినప్పుడల్లా సీలును కోస్తుంది. ఎండకు ఎప్పుడో గట్టిపడిన సీలు దానికి పెద్దగా అడ్డుచెప్పదు.

ఈ ఏర్పాటు ఆసామికన్నా చాలా పాతది. పియర్స్-యారో కంపెనీలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు 1926లోనే దీన్ని నడిపి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కారులో అది కనబడింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. 1988లో సుజుకి సెర్వోతో ఆయిల్ బదులు కరెంటు మోటారు వచ్చింది. మస్టాంగ్ 2011 మోడల్ నుంచి కరెంటు దారి పట్టింది. నిస్సాన్ 370జెడ్ చివరిదాకా ఆయిల్‌నే నమ్ముకుంది. ఆసామి కారు 2011కు ముందుదే అయి ఉంటుంది. ఈ సంగతి అతడు బాధపడుతూ చెప్పడు, గొప్పగా చెబుతాడు. ఆయిల్ స్టీరింగ్‌లోనే రోడ్డు చేతికి తెలుస్తుందట, కరెంటు స్టీరింగ్ వీడియో గేమట. మాట నిజమే. కాకపోతే అతడి చేతికి తెలుస్తున్నది రోడ్డు కాదు, ఆయిల్ అయిపోవడం.

రోగం మూడు దశల్లో ముదురుతుంది. మొదట చుక్క. దాన్ని ఏసీ నీళ్లంటాడు. ఏసీ నీళ్లకు రంగుండదని గదిలోవాళ్లు గుర్తుచేస్తే, పక్క కారుదంటాడు. పక్క కారు వారం రోజులు జెడ్డా పోయినా చుక్క పెరుగుతుంది. రెండో దశలో పొద్దున్నే చక్రం తిప్పగానే లేగదూడ అరిచినట్టు పంపు మూలుగుతుంది. ఆయిల్ తగ్గి, గాలి కలిసి, నురగ తిరిగిన లక్షణమది. భవనంలో కొందరికి అలారం అవసరం తీరుతుంది. మూడో దశలో, సూపర్ మార్కెట్ ముందు కారు మళ్లించేటప్పుడు, చక్రం తిరగలిలా బిగుస్తుంది. అప్పుడు అతడు రెండు చేతులా పట్టుకుని, పళ్లు కొరుకుతూ, పక్కన కూర్చున్నవాడితో, “స్పోర్ట్స్ కారంటే ఇలాగే ఉంటది బావా” అంటాడు.

తెలుగులో కారు కారుతుంది. ఈ సౌలభ్యం అరబ్బీకి లేదు. అక్కడివాళ్లు ఆయిల్ కారడాన్ని ‘తహ్రీబ్’ అంటారు. దొంగరవాణాకూ అదే మాట. సరిహద్దు ఊళ్లో, పోలీసు చెక్‌పాయింటు దాటిన కాసేపటికే, వర్క్‌షాపువాడు కారు కిందినుంచి “తహ్రీబ్! తహ్రీబ్!” అని కేకేస్తే, కొత్తగా వచ్చిన ఆసామికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నివాస కార్డు ఇకామా తీసి చూపించబోయినవాళ్లూ ఉంటారు.

వైద్యంలో ఆసామి సొంత ప్రతిభ కనబడుతుంది. డిక్కీలో ఎప్పుడూ రెండు ఆయిల్ డబ్బాలు, ఒక గరాటు, కొంత పాతగుడ్డ ఉంటాయి. కింద పరచడానికి ఒక అట్టముక్క ఉంటుంది, టీవీ పెట్టెది. పొద్దున కారు తీశాక అట్ట మీది మరకను, డాక్టరు ఎక్స్‌రేను చూసినట్టు, వెలుగుకు పట్టి చూస్తాడు. నిన్నటికన్నా చిన్నదైతే తగ్గుతోందంటాడు. లోపల ఆయిలే లేనప్పుడు మరక చిన్నదవుతుందన్న ఆలోచన అతడికి రాదు. తర్వాత కారడం ఆపుతుందని రాసివున్న సీసా కొంటాడు. అందులోని మందు రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు నిజంగానే ఆపుతుంది. ఆ కొన్నాళ్లూ అతడు భవనంలో మెకానిక్ హోదా అనుభవిస్తాడు. కరోలావాళ్లు సలహాలకు వస్తారు. ఉబ్బి మెత్తబడిన సీలు ఆ తర్వాత మునుపటికన్నా ధారాళంగా వదులుతుంది.

ఆయిళ్ల విషయంలో అతడు సర్వమత సమానత్వవాది. ఎర్రటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ అడిగే కారుంది, పచ్చటి ప్రత్యేకమైనది అడిగే జర్మన్ కారుంది, తన కంపెనీది తప్ప తాగనని కూర్చునే హోండా ఉంది. ఒకదాని బదులు మరొకటి పోస్తే సీళ్లు చెడతాయని డబ్బా మీదే ఉంటుంది. ఆసామి ఏది చవకో అది పోస్తాడు.

అన్నిటికన్నా కష్టం ఎటువైపు కారుతోందో తేల్చడం. చాలా ర్యాకుల్లో రెండు బూట్లనూ కలుపుతూ గాలికోసం సన్నటి గొట్టం ఉంటుంది. ఎడమ సీలు పోయినా ఆయిల్ ఆ గొట్టం గుండా కుడివైపు చేరి అక్కడ చుక్కపెట్టగలదు. ఆసామి కుడివైపు బూటుకు క్లిప్పు బిగిస్తాడు, దానిమీద ప్లాస్టిక్ సంచి చుడతాడు, సంచి మీద టేపు వేస్తాడు. ఆయిల్ ఎడమవైపు ప్రత్యక్షమవుతుంది. అప్పుడతడు రెండో ర్యాక్ కూడా పోయిందంటాడు. కారుకు ర్యాక్ ఒక్కటే ఉంటుంది.

ఏడాదికోసారి ఫహస్, అంటే బండి తనిఖీ, వస్తుంది. ఆ పరీక్ష కాగితం లేనిదే ఇస్తిమారా, అంటే బండి రిజిస్ట్రేషన్, కదలదు. ముందురోజు ఆసామి కారు అడుగు భాగాన్ని ప్రెషర్ నీళ్లతో కడిగిస్తాడు. కారు పైభాగాన్ని కడగని నెలలుంటాయి గానీ ఈ రోజు తప్పదు. పెళ్లిచూపులకు పోతున్నవాడిలా, చక్రం అనవసరంగా తిప్పకుండా, మలుపులు తక్కువున్న దారి ఎంచుకుని, తడి రాకముందే చేరాలని పోతాడు. వరస పొడుగ్గా ఉంటే లెక్క తప్పుతుంది.

చివరికి సనాయ్యా తప్పదు. వర్క్‌షాపులన్నీ అక్కడే. మెకానిక్ సాధారణంగా పాకిస్తానీయో యెమెనీయో అయి ఉంటాడు. మాటలు హిందీ, అరబ్బీ, చేతివేళ్లు కలిపి నడుస్తాయి. అతడు బూటు క్లిప్పు విప్పి రెండు వేళ్లతో నొక్కుతాడు. లోపల దాగిన ఆయిల్ కప్పెడు బయటికొస్తుంది. “రేక్ ఖతం, భాయ్.” పొడి బూటైతే పంపునో గొట్టాన్నో అనుమానించాలి, తడి బూటుకు అప్పీలు లేదు. దారులు మూడు. సీళ్ల కిట్టు వేయడం చవక, కానీ కడ్డీ మీద గీతలుంటే కొత్త సీలు పాతదాని దారే పడుతుంది. తష్లీహ్‌లో, అంటే పాత కార్లు విప్పి అమ్మేచోట, వాడిన ర్యాక్ కొనడం మధ్యరకం. అది వచ్చిన కారు ఎందుకు తష్లీహ్‌కు చేరిందో ఎవరూ చెప్పరు. కొత్తది నజ్రాన్‌లో దొరక్కపోతే ఖమీస్ ముషైత్ నుంచో రియాద్ నుంచో తెప్పించాలి. ధర వినగానే ఆసామి దాన్ని రూపాయల్లోకి మారుస్తాడు. గల్ఫ్ తెలుగువాడి మెదడులో ఈ యంత్రానికి ఏ సీలూ పోదు. రూపాయల్లో ఆ మొత్తం ఊళ్లో మేడమీద గదికి స్లాబు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరం మొదలుపెడతాడు.

బేరం ఎక్కడ తెగినా చివర అనే మాట ఒకటే: “వచ్చే ఏడాది ఎగ్జిట్ కొట్టి వెళ్లిపోయేదేగా, ఇప్పుడెందుకు!” ఈ మాట అతడు నజ్రాన్‌లో దిగిన మూడో ఏట మొదటిసారి అన్నాడు. ఇది పదకొండో ఏడు. ఈలోపు అతడు ఇదే కారణం మీద పరుపు మార్చలేదు, కళ్లద్దాలు మార్చలేదు, గదిలో రెండో కుర్చీ కొనలేదు. పోసిన డబ్బాల లెక్క రాసి ఉంటే ర్యాక్ ధర ఎప్పుడో దాటేది. అతడు రాయడు. ఇంట్లో వీడియో కాల్‌లో “కారెలా ఉంది?” అని అడిగితే, కెమెరా పైభాగం వైపే తిప్పుతాడు.

వేడెక్కిన పొగగొట్టం మీద ఆయిల్ పడి పొగలేచిన రోజున, అది మంటగా మారగలదని చూసినవాళ్లు చెప్పిన రోజున, కొందరు ఆసాములు లొంగిపోతారు. పని ఒకపూటది. టై రాడ్ చివరలు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టుకోవాలి. స్టీరింగ్ చక్రాన్ని తాడుతో కదలకుండా కట్టేయాలి. కట్టకుండా ఎవరైనా గిరగిరా తిప్పితే లోపలి క్లాక్ స్ప్రింగ్ తెగి హారన్, ఎయిర్‌బ్యాగ్ కూడా లెక్కలోకొస్తాయి. కొత్త ర్యాక్ బిగించాక ముందు చక్రాలు పైకెత్తి, ఇంజిను ఆపే ఉంచి, ఆ చివరినుంచి ఈ చివరికి నెమ్మదిగా తిప్పుతూ బుడగలు పోయేదాకా గాలి తీయాలి. తర్వాత వీల్ అలైన్‌మెంట్. ఈ చివరిది ఆసామి ఎగ్గొడతాడు, ముందు టైర్లు లోపలివైపు అరిగాక చేయిస్తాడు. స్టీరింగ్ మళ్లీ వెన్నలా తిరగడం చూసి వారం రోజులు తెల్లబోతాడు. చక్రం చేతికి ఏమీ చెప్పడం లేదని ఫిర్యాదు కూడా చేస్తాడు.

లొంగనివాళ్లకు ఎగ్జిట్ నిజంగానే ఒకరోజు వస్తుంది, సాధారణంగా కంపెనీ ప్రాజెక్టు ముగిసి, చెప్పాపెట్టకుండా. కారు కొనేవాడు ఒంగోలునుంచి వచ్చిన కుర్రాడు. కరోలా చూద్దామని బయల్దేరినవాడు. వాడు డిక్కీ తెరిచి, గరాటు చూసి, ఎర్రటి వలయాలున్న అట్టముక్కను పైకెత్తి, “ఇదేంటన్నా?” అంటాడు.

“ఎండకు సీటు మీద కప్పుకోడానికి” అంటాడు ఆసామి. “స్టీరింగ్ ఆయిల్ మాత్రం అప్పుడప్పుడూ చూసుకో తమ్ముడూ, అంతే.”