రూపాయి ఎక్కువైన ధనవంతుడు

బీదర్‌లో శ్రీమంతుడు కావడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఏడాదికి రూ.1,20,000 మీద ఒక్క రూపాయి సంపాదిస్తే చాలు. బీపీఎల్ కార్డుకు అర్హత పోయి, ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక వైద్య పథకం లెక్కలో ఏపీఎల్ దొరగారు అయిపోతారు. బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల దాకా వైద్యం ఉచితం. దొరగారికైతే ప్యాకేజీ ధరలో 30 శాతమే సర్కారు ఇస్తుంది, అదీ ఏడాదికి రూ.1.5 లక్షలు మించకుండా. ఊళ్లోని బ్రిమ్స్ సర్కారు ఆసుపత్రి రాసే రెఫరల్ చీటీలో ఇద్దరి జబ్బూ ఒకటే కావచ్చు. లక్ష రూపాయల ఆపరేషన్ అనుకోండి. నెలకు పది వేలు తెచ్చుకునే ఇంట్లో పైసా ఖర్చు లేదు; పది వేల మీద రూపాయి తెచ్చుకునే పక్కింట్లో 70 వేలు, అంటే ఏడు నెలల సంపాదన. ఆ ఏడు నెలలూ ఏం తింటారని మాత్రం అడక్కండి. ధనవంతుల ఇంటి భోజనం సంగతి ఆరా తీయడం మర్యాద కాదు.

పథకమే దండగ అనేవాళ్లకు జవాబు ఈ ప్రాంతంలోనే ఉంది. 2010లో దీని ముందుతరం పథకమైన వాజపేయి ఆరోగ్యశ్రీ తొలుత వచ్చింది బీదర్ ఉన్న గుల్బర్గా డివిజన్‌కే. పథకం అందిన ఉత్తర కర్ణాటక పల్లెల పేదలను, పొలిమేరకు అవతల అప్పటికింకా అందని పల్లెల పేదలతో పోల్చిన అధ్యయనం 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పథకంలోని జబ్బులతో మరణాల రేటు అవతల 0.90 శాతం, ఇవతల 0.32 శాతం. ఆ పొలిమేర గీత చెరిగి పథకం రాష్ట్రమంతా పాకింది. కార్డుల గీత మాత్రం ఒకే వీధిలో రెండు గుమ్మాల మధ్య నిక్షేపంగా ఉంది.

ఖజానాలో ఉన్నదే కొంచెం, ముందు పేదవాడికి పెట్టాలి కదా అంటారు. కాదన్నదెవరు? పేదల ఉచితంలో పైసా కోయమనడం లేదు. బంగారం కొట్టు యజమానీ, పదకొండు వేల జీతపు గుమాస్తా ఒకే పంక్తిలో కూర్చుని అదే 30 శాతం అందుకోవడం ఏ రకం పొదుపు? మరి దొంగ కార్డుల మాటేమిటంటారా? 2024లో సర్కారు ఏరివేత మొదలుపెట్టింది, నవంబరులో గగ్గోలు పుట్టగానే వెనక్కి తగ్గింది. కార్డు పోతే బియ్యంతోపాటు ఆపరేషనూ పోతుంటే ఆదాయం ఎవరు నిజం చెబుతారు? అబద్ధానికి అంత బహుమానం పెట్టి, ఆపైన జనానికి నిజాయితీ లేదని దెప్పడం మన పాలకులకే చెల్లింది. ఆదాయం పెరిగేకొద్దీ రోగి వాటా కొద్దికొద్దిగా పెరగాలి: గీతకు పక్కనున్నవాడికి పదో వంతు, బంగారం కొట్టుకు మొత్తం బిల్లు. నాడకచేరి అనే రెవెన్యూ కార్యాలయంలో ఆదాయ ధ్రువపత్రం ఇప్పటికే ఇస్తున్నారు. ఇందుకు కొత్త ఆసుపత్రి కట్టక్కర్లేదు. బెంగళూరులో ఆ 30 శాతం ఉత్తర్వును తిరగరాస్తే చాలు.