కాపలా అక్కర్లేని పొయ్యి

నన్ను పెల్లెట్ గ్రిల్లు అంటారు. రాజమండ్రిలో ఒక ఇంటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, రేకుల పంచలో ఉంటాను. మొదటిసారి చూసినవాళ్ళు కొందరు జనరేటరేమో అనుకుంటారు. కొందరు వేణ్ణీళ్ళు కాచే బాయిలరంటారు. పక్కింటాయన చెత్త తగలబెట్టే పెట్టె అనుకుని ఎండిన కొబ్బరి మట్టలు పట్టుకొచ్చారు. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. కరెంటు తీసుకుంటాను, కర్ర తింటాను, పొగ వదులుతాను. కానీ నన్ను చేసింది మాంసానికి పొగ పట్టించడానికి. ఈ ఇంట్లో నాకు అప్పజెప్పిన పని పంది పక్కటెముకలు. నా కాపురం వంటింట్లో కాక మేడ మీద ఎందుకో వేరే చెప్పాలా!

మా వంశం పుట్టింది అమెరికా పడమటి తీరాన, ఆరెగాన్ రాష్ట్రంలో. అడవులూ రంపం మిల్లులూ ఎక్కువున్న చోటు. 1973లో చమురు ధరలు భగ్గుమన్నాక, రంపంపొట్టును నొక్కి గుళికలు చేసి చలికాలం ఇళ్ళు వెచ్చబెట్టుకునే పొయ్యిలు అటువైపు ఒక్కొక్కటిగా వచ్చాయి. మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్ళో జో ట్రేగర్ అనే ఆయనది ఇళ్ళకు వేడి యంత్రాలు అమర్చే కుటుంబం. ఇంటిని వెచ్చబెట్టే గుళిక వంటెందుకు చేయదని ఆయన ఒక యంత్రం కట్టి, 1986లో పేటెంటు పుచ్చుకున్నాడు. 2006లో ఆ గడువు తీరగానే ఎన్నో కంపెనీలు మా జాతిని తయారు చేయసాగాయి. నేను ఆ తర్వాతి తరం దాన్ని. చైనాలో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఈ ఇంటి అబ్బాయిగారి పెరట్లో పెరిగాను. అబ్బాయిగారు ఉద్యోగం చాలించి సొంతూరు వచ్చేస్తే, సామానుతో పాటు కంటెయినర్లో విశాఖ రేవులో దిగి, లారీ ఎక్కి గోదావరి ఒడ్డుకు చేరాను.

నా లోపల మాయలేమీ లేవు. పక్కన ఒక తొట్టి. అందులో 6 మిల్లీమీటర్ల లావున్న కర్ర గుళికలు పోస్తారు. వాటిలో జిగురు కలపక్కర్లేదు. వేడికీ ఒత్తిడికీ కర్రలోని లిగ్నిన్ మెత్తబడి, పొట్టును తానే పట్టి ఉంచుతుంది. తొట్టి అడుగున స్క్రూ కన్వేయరు. రైసు మిల్లులో తవుడు తోసేది అదే, నాది కాస్త చిన్నది. అది తిరిగినప్పుడల్లా కొన్ని గుళికలు నిప్పు గిన్నెలో పడతాయి. కరెంటుతో ఎర్రగా కాలే కడ్డీ వాటిని అంటిస్తుంది. ఫ్యాను గాలి కొడుతుంది. లోపలి వేడిని సెన్సరు కనిపెడుతూ ఉంటే, గుళిక ఎప్పుడు వేయాలో కంట్రోలరు చూసుకుంటుంది. సన్నటి సెగ మీదయితే గంటకు అరకిలో, అటూ ఇటుగా ఖర్చవుతుంది.

నాతో వచ్చిన పుస్తకం చెప్పేది ఒక్కటే: ఎంత వేడి కావాలో నొక్కండి, వెళ్ళి మీ పని చూసుకోండి. నిప్పుకు కాపలా అక్కర్లేదు. ఫ్రిస్కోలో అలాగే జరిగింది. అబ్బాయిగారు 225 ఫారెన్‌హీట్, అంటే 107 సెల్సియస్ పెట్టేసి ఆఫీసు మీటింగుల్లో కూర్చునేవారు. మూడు గంటలు పొగ, రెండు గంటలు రేకులో చుట్టి మగ్గబెట్టడం, ఒక గంట సాసు పూసి ఆరనివ్వడం. అక్కడ పక్కటెముకలు వండేవారి నోట నానే లెక్క ఇది. మధ్యలో ఆయన నా మొహం చూసింది తక్కువ.

గోదావరి గాలి తగిలాక నా గొప్పలన్నీ దిగిపోయాయి.

మొదటి దెబ్బ కరెంటుది. నేను 120 వోల్టుల దాన్ని, ఇక్కడ 230. ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి వోల్టేజీ దించారు. బాగానే ఉంది. అయితే అమెరికా కరెంటు 60 హెర్ట్జులది, మనది 50. దాన్ని ట్రాన్స్‌ఫార్మరు మార్చలేదు. నా స్క్రూ మోటారు వేగం ఆ హెర్ట్జుల మీదే నడుస్తుంది కాబట్టి ఆరింట ఒక వంతు నెమ్మదించింది. గుళికలు ఆలస్యంగా పడి మంట కుంగేది. కంట్రోలరు కంగారుపడి స్క్రూను ఇంకాసేపు తిప్పేది. అప్పుడు వేడి గీత దాటిపోయేది.

రెండోది చెమ్మ. గుళికకు నీరే గండం. వానాకాలంలో మేడ మీద తొట్టి నిండా వదిలేస్తే, తెల్లారేసరికి గుళికలు ఉబ్బి, పొట్టుగా విడిపోయి, స్క్రూ గొట్టంలో గట్టిగా బిగుసుకుపోయాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి గొట్టాన్ని గీకి గీకి తీశాడు. మూడోది కోత. కరెంటు పోగానే ఫ్యాను ఆగుతుంది, నిప్పు గిన్నెలో మంట మూలుగుతుంది, ఒక్కోసారి ఆ సెగ గొట్టం వెంట తొట్టివైపు వెనక్కి పాకుతుంది. అది ప్రమాదం. బటన్ నొక్కి వెళ్ళిపోదామంటే కుదరదు.

ఇక నన్ను ఎవరికైనా అమ్మేద్దామనుకుంటుండగా దేవరపల్లి నుంచి మావయ్యగారు దిగారు. అబ్బాయిగారి అమ్మగారికి అన్నగారు. వయసులో ఉన్నప్పుడు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర క్యూరింగు చేసిన మనిషి.

గోదావరి అంటే వరి, కొబ్బరి అనుకునేవాళ్ళకు మెట్ట సంగతి తెలియదు. దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు పండుతుంది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను 1947లో పెట్టింది ఈ రాజమండ్రిలోనే. పచ్చి ఆకును కర్రలకు కట్టి, ఎత్తయిన బ్యారన్లో అంతస్తులుగా వేలాడదీస్తారు. పొయ్యి బయట ఉంటుంది. దాని వేడి ఇనుప గొట్టాల్లో లోపల తిరిగి, పొగ మాత్రం బయటికి పోతుంది. మొదట 90 నుంచి 100 ఫారెన్‌హీట్‌లో ఆకు పసుపెక్కాలి. ఆ తర్వాత మెల్లగా పెంచుతూ ఆకు ఆరబెట్టాలి. చివర 160 దాకా తీసుకెళ్ళి ఈనె ఎండించాలి. అయిదారు రోజులు, రాత్రీ పగలూ, ఒక మనిషి పొయ్యి దగ్గరే పడుకోవాలి. ఒక్క పూట కునుకు తీస్తే రైతు ఏడాది కష్టం రంగు మారిపోతుంది.

ఆయన నా మూత ఎత్తి, గిన్నె చూసి, అంకెల మీద వేలు పెట్టారు.

"ఇది ఫారెన్‌హీటే కదరా అబ్బాయ్? మా బ్యారన్ లెక్కే ఇది. ఎంతసేపు కాయాలేటి?"

"ఆరు గంటలు మావయ్యా."

"ఆరు రోజులు కాచినోణ్ణి. ఆరు గంటలు నాకో లెక్కా? కుర్చీ ఒకటి పడెయ్ ఇక్కడ."

ఆ రోజు నుంచి నా దగ్గర మనిషి కూర్చోవడం మొదలయింది. గుళికలు తొట్టిలో నిలవ ఉంచడం మాన్పించి, మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ములో పోయించారు. పని రోజునే తొట్టి ఎక్కుతాయి. కరెంటు పోతే మార్చడానికి ఇన్వర్టరు లైను పైకి లాగించారు. గుళికలు అయిపోవస్తున్నాయని అబ్బాయిగారు ఫ్యాక్టరీ బాయిలర్లకు అమ్మే రకం తెప్పిస్తే, గుప్పెడు వాసన చూసి పక్కన పెట్టేశారు. "ఇందులో ఏ పొట్టు కలిపారో ఎవరికెరుక? ప్లైవుడ్డు జిగురూ రంగూ ఉంటే ఆ పొగ తినేదెవరు?" వేడి కోసం అమెరికా గుళికలనే పొదుపుగా వాడుతూ, పొగ కోసం చిల్లుల స్టీలు డబ్బాలో ఎండిన మామిడి, జామ చెక్క ముక్కలు అంటించి నా లోపల పెట్టడం ఆయన తెచ్చిన పద్ధతే. తెల్లగా దట్టంగా పొగ లేస్తే మాంసం చేదెక్కుతుంది. సన్నగా నీలంగా లేవాలి. నా సెన్సరుకు పొగ రంగు తెలియదు. ఆయనకు తెలుసు.

"మాకు గొట్టం అతుకు ఊడి పొగ ఆకుకు తగిలితే సరుకు పాడైపోయేది. నువ్వేమో పొగ తగలాలంటున్నావు. రోజులు మారాయిరా" అని నవ్వేవారు.

సరుకు విషయానికొస్తే, ఊరి చివర పాకల్లో సీమపందులు పెంచే ఎరుకల కుటుంబం ఒకటుంది. వీధుల్లో తిరిగే పందంటే బద్దెపురుగు భయం ఉంటుంది. కట్టేసి దాణా పెట్టి పెంచిన పందికి ఆ బెడద చాలా తక్కువ. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో చెప్పిన ప్రకారం కైమా చేయని పందిమాంసం లోపల 63 సెల్సియస్ చేరి మూడు నిమిషాలు ఆగితే చాలు. పక్కటెముకలు నా దగ్గర 90 దాటేదాకా ఉంటాయి. కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. చిక్కల్లా కొట్టే దగ్గర వచ్చింది.

"పక్కటెముకలు పలకలాగే కావాలమ్మా. ముక్కలు కొట్టొద్దు" అన్నారు అబ్బాయిగారు ఆ ఇంటావిడతో.

"కొట్టకపోతే కుండలో ఎలా పడతాదండీ బాబూ?" అందామె. నన్ను చూస్తే గాని నమ్మనంది. వచ్చింది. మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఈ ఇంటి ధాన్యం గంపలు ఒకప్పుడు వాళ్ళ అత్తగారు అల్లినవేనట. ఇంగ్లీషువాళ్ళు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారిని కూడా పట్టీలో రాసుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది. గంపలు మాత్రం లోపలిదాకా వెళ్ళిన ఇంట్లో మనిషి మేడెక్కడానికి ఇన్నేళ్ళు పట్టింది. "పైకి రా అమ్మా, ఇది నీ సరుకు" అని పిలిచింది మావయ్యగారే.

ఈ ఇంటి మామ్మగారు పంది ముట్టరు. వంటింట్లోకి రానివ్వరు. కానీ అమెరికా మసాలా పొడి వాసన చూసి మొహం చిట్లించి, ఆవపిండి, తాటిబెల్లం, మిరపకారం, వెల్లుల్లి తన చేత్తోనే కలిపి గిన్నె పైకి పంపారు. ఎముక వైపున్న పొరను గోటితో లేపి గుడ్డతో పట్టి లాగేస్తారు. ఆ పైన మామ్మగారు కలిపిన మసాలా పట్టిస్తారు. మాంసం చల్లగా, తడిగా ఉన్నప్పుడే పొగ బాగా పడుతుంది కాబట్టి తొలి గంటలు విలువైనవి. తర్వాత 70 సెల్సియస్ దగ్గర వేడి ముందుకు కదలనని మొండికేస్తుంది. పైకి ఊరే చెమ్మ ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంది మరి. అప్పుడు చింతపండు పులుసు చిలకరించి, అరటాకులో చుట్టి, పైన అల్యూమినియం రేకు బిగిస్తారు. లోపల నార పట్టే కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది. చివర్లో పొట్లం విప్పి బెల్లం పాకం పూస్తారు.

అయిందో లేదో చూసే పద్ధతి పుస్తకంలో ఉంది: పలకను ఒక కొస పట్టుకుని ఎత్తితే వంగి, పై మాంసం పగలాలి. మావయ్యగారికి ఇది కొత్త కాదు. "ఈనె టప్పుమని విరిగితే బ్యారన్ చల్లార్చేవాళ్ళం. అంకె చూసి ఏ రోజూ దింపలేదు."

సంక్రాంతి మూడు రోజులూ అయ్యాక ముక్కనుమ. మాంసం తినే పండుగ. జనవరి గాలి పొడిగా ఉంటుంది, గుళికలకు అనుకూలం. ఆ రోజు మేడ నిండా చుట్టాలు. పలక కోయగానే అంచున గులాబీ రంగు కనబడి, "పచ్చిగా ఉందండోయ్!" అని అల్లుడుగారు పళ్ళెం తోసేశారు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగు తెస్తుందని అబ్బాయిగారు చెబుతూనే ఉన్నారు. పక్కనే గోడకానుకుని తింటున్న ఎరుకలామె ఎముక పక్కకు పెట్టి, "ఉడికిందండీ. అయితే తోలు తీసేశారు. అసలు రుచి దాంట్లోనే ఉంటాదండి" అంది. ఆ మాటతో అల్లుడుగారి పళ్ళెం మళ్ళీ దగ్గరికొచ్చింది. వచ్చే ఏడాది ఒక పలక తోలుతోనే పెట్టాలని అక్కడికక్కడే తీర్మానం అయింది.

ఫోనుకే కబుర్లు చెప్పే కొత్త మోడళ్ళు వచ్చాయట. మేడ ఎక్కకుండానే వేడి చూసుకోవచ్చట. తెప్పిద్దామా అని అబ్బాయిగారు అడిగితే మావయ్యగారు అడ్డం తిరిగారు. "వేడెంతుందో ఫోను చెబుతుంది. పొగెలా ఉందో ఎవరు చెబుతారు? అయినా అందరూ కింద కూర్చుంటే ఇక్కడ కబుర్లెవరు చెబుతారురా?"

నన్ను చేసినవాళ్ళ పుస్తకంలో కాపలా మనిషి ప్రస్తావన లేదు. వాళ్ళ ఊళ్ళో అది నిజమే కావచ్చు. ఇక్కడ నా పనితనం సగం ఆ కుర్చీలో ఉంది. ఈ ఏడాది నా కోసం కొన్న విడిభాగాలు రెండే: ఒక ముట్టించే కడ్డీ, ఎరుకలామె కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ.