ఇంట్లోనే పరారీ

"ఇప్పుడంతా ఆన్‌లైనే కదండీ" అన్న మాట కోర్టుల విషయంలో కూడా ధైర్యంగా అనేస్తున్నారు. ఫోను తీసి పేరు కొడితే చాలట, మన మీద వారంటు ఉందో లేదో ఇట్టే తేలిపోతుందట. ఇలా చెప్పేవాళ్ళెవరి మీదా వారంటు ఉండి ఉండదు. ఉన్నవాడు చెప్పడు. ఉన్నట్టు వాడికే తెలియదు మరి.

అసలు వారంటు ఎలా పుడుతుందో చూడండి. అదో మెజిస్ట్రేటు కోర్టు, చెక్ బౌన్స్ కేసుల రోజు. అటెండరు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఇంటిపేరు మింగేసి, చివరి అక్షరం సాగదీసి పిలిచే ఆ పిలుపు, వరండా చివర టీ తాగుతున్న ముద్దాయికి ఎవరో పక్క ఊరివాడిదిలా వినిపిస్తుంది. ప్లీడరు గారు జిల్లా కోర్టులో ఉన్నారు. జూనియరు ట్రాఫిక్‌లో ఉన్నాడు. గైర్హాజరు పిటిషను జూనియరు సంచిలో ఉంది. కేసు కట్ట మీద ఒక వరుస పడుతుంది: ఏ1 కాల్డ్ ఆబ్సెంట్, నో రిప్రజెంటేషన్, ఇష్యూ ఎన్‌బీడబ్ల్యూ. అంటే నాన్‌బెయిలబుల్ వారంటు. టీ గ్లాసు కింద పెట్టేలోపు ఆ మనిషి చట్టానికి దొరక్కుండా తిరుగుతున్నవాడైపోయాడు. సాయంత్రం అదే కోర్టు గేటు ముందునుంచి బస్సెక్కి ఇంటికెళ్ళి, అన్నం తిని పడుకుంటాడు. ఇంతకంటే బద్ధకంగా పరారైన నేరస్థుణ్ణి ఏ సినిమాలోనూ చూడం.

కోర్టుకి అసలు రానివాడి కథ ఇంకో రకం. సమన్లు ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటికి వెళతాయి. 'డోర్ లాక్డ్' అని తిరిగొస్తాయి. తలుపు తాళం వేసి ఉందంటే లోపలివాడు న్యాయాన్ని తప్పించుకుంటున్నాడనే లెక్క. ముందు సమన్లు, తప్పించుకుంటున్నట్టు కనిపిస్తే బెయిలబుల్ వారంటు, కావాలనే రావడం లేదని పూర్తిగా నమ్మకం కుదిరాకే నాన్‌బెయిలబుల్ వారంటు అని, ఉత్తరాంచల్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2007లోనే వివరంగా చెప్పింది. ఆ తీర్పును ప్లీడర్లు వాదనలో చక్కగా చదువుతారు, వారంటు వచ్చేశాక.

సరే, వెతుకుదాం. ఈ-కోర్టుల సైటు చెడ్డదని నేననను. కేసు నంబరు చేతిలో ఉన్నవాడికి వాయిదా తేదీ బాగానే చెబుతుంది. కేసుకిచ్చే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు తెలిస్తే ఇంకా సుఖం. చిక్కల్లా, కేసుందో లేదో తెలియనివాడి దగ్గర కేసు నంబరు ఎలా ఉంటుందన్నదే. అప్పుడు పేరుతో వెతకాలి. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం, సంవత్సరం నింపి, వంకర టింకర క్యాప్చా అక్షరాలు కొట్టాలి. ఏ జిల్లాలో కేసు వేశారో, ఏ సంవత్సరంలో వేశారో తెలిసి ఉండాలన్నమాట. ఇక పేరు. శ్రీనివాసరావుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి సర్టిఫికెట్టు, పాస్‌బుక్కు, ఆధారు పక్కపక్కన పెట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఎస్‌ఆర్‌ఐ నా, ఎస్‌ఆర్‌ఈఈ నా, 'రావు' కలిపి రాశారా విడగొట్టారా, ఇంటిపేరు ముందా వెనకా? స్టేషన్ రైటరు ఆ రోజు ఏది రాస్తే అదే మీ పేరు. మీరు అమ్మానాన్న పెట్టిన పేరుతో వెతుకుతారు. 'రికార్డు లేదు' అని వస్తుంది. మీరు సంతోషిస్తారు.

అదృష్టం బాగుండి కేసు దొరికిందే అనుకోండి. దశ అన్నచోట 'ఎన్‌బీడబ్ల్యూ' అని ఉంటుంది. ముద్దాయిలు అయిదుగురు. ఎవరి మీద? చెప్పదు. అమలైందా, నిన్న రీకాల్ అయిందా, స్టేషనుకి చేరిందా, కోర్టు డ్యూటీ కానిస్టేబులు ఫైల్లోనే ఉందా? దానికి మళ్ళీ కోర్టుకే వెళ్ళి బెంచి క్లర్కు గారి బల్ల దగ్గర నిలబడాలి. అంతా ఆన్‌లైనే అన్న పెద్దమనిషి ఆ క్యూలో కనిపించడు.

2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఒక మంచి మాట ఉంది. సమన్లు పంపడానికి వీలుగా చిరునామా, ఈమెయిలు, ఫోను నంబరు రాసిపెట్టే రిజిస్టరు స్టేషనులోనో కోర్టులోనో ఉండాలి. సమన్లు ఎలక్ట్రానిక్ రూపంలోనూ పంపొచ్చు. అదే చట్టంలో పాత మాటా అలాగే ఉంది: కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా వారంటు బతికే ఉంటుంది. పాల ప్యాకెట్టుకు గడువుంది గానీ వారంటుకు లేదు. మీ పిల్లలు పెద్దవాళ్ళై మీకు పాస్‌పోర్టు తీయిస్తామన్న రోజున అది నిద్రలేస్తుంది.

రద్దయినా నిశ్చింత లేదు. ముంబైలో ఒక వకీలు మీద ఉన్న వారంటును 2002 ఆగస్టు 12న కోర్టు రద్దు చేసింది. 15న, స్వాతంత్ర్య దినోత్సవాన, పోలీసులొచ్చి ఆయన్ని పట్టుకుపోయారు. రద్దయిందయ్యా అని చెప్పినా వినలేదు. చట్టం చదువుకున్న మనిషికి, మహానగరంలో, మూడు రోజుల్లో ఆ కబురు కోర్టు నుంచి స్టేషనుకి నడవలేకపోయింది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2011లో తీర్పొచ్చింది. వారంట్లకు రిజిస్టర్లు పెట్టండి, రద్దయితే వెంటనే పోలీసులకు చెప్పండి అని మార్గదర్శకాలిచ్చారు. రద్దు చేసిన సంగతి చెప్పాలని చెప్పించుకోవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇన్ని ఆలస్యాల మధ్య ఒక్క రకం వారంటు మాత్రం క్షణాల్లో వస్తుంది. వాట్సాప్‌లో వస్తుంది, రంగుల్లో వస్తుంది, మూడు సింహాల ముద్రతో, సంతకంతో, మీ పేరు అక్షరం తప్పు లేకుండా వస్తుంది. అది నకిలీది. దాన్ని చూపించి బెదిరించే 'డిజిటల్ అరెస్టు' అన్నది చట్టంలో ఎక్కడా లేదని ప్రధాని 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో చెప్పారు. అయినా 2025లో హర్యానాలోని అంబాలాలో ఒక వృద్ధ దంపతులు సుప్రీంకోర్టు పేరిట వచ్చిన దొంగ ఉత్తర్వులు చూసి కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నారు. సుప్రీంకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. జనాన్ని ఏమనగలం? అసలు వారంటు ఎలా ఉంటుందో, నిజమో కాదో ఎక్కడ సరిచూసుకోవాలో ఎవరికీ తెలియని చోట, దొంగలు కాస్త శుభ్రంగా టైపు చేస్తే చాలు. మన చిరునామా కనుక్కోవడంలో ఇంత శ్రద్ధ సమన్ల విషయంలో ఎవరైనా చూపిస్తే సగం వారంట్లు పుట్టేవే కావు.

సైటులో ముద్దాయివారీగా 'వారంటు ఉంది, అమలైంది, రద్దయింది' అని తెలుగులో ఒక గడి పెట్టండయ్యా అంటే, "ముందే తెలిస్తే పారిపోతాడు కదా" అంటారు. హత్యలు, దోపిడీల సంగతి వేరు, వాటిని దాచుకోండి. చెక్కు బౌన్సయిన ఫ్యాన్సీ షాపు ఆసామి ఎక్కడికి పారిపోతాడు? కాగితాల మీద ఆయన ఇప్పటికే పరారీలో ఉన్నాడు. తెలిస్తే ఆయన పరిగెత్తేది ప్లీడరు దగ్గరికే. ఎందుకంటే జామీను రద్దయిందంటే నోటీసు వెళ్ళేది ష్యూరిటీ పెట్టిన బావమరిదికి, ఆ తర్వాత ఇంట్లో జరిగే విచారణకు ఏ సంహితా అడ్డురాదు.

అలా తెలుసుకుని, ఒక సోమవారం పొద్దున్నే రీకాల్ పిటిషను పట్టుకుని, తెల్లచొక్కా వేసుకుని, లొంగిపోవడానికి వచ్చాడే అనుకోండి. మెజిస్ట్రేటు గారు సెలవు. ఇన్‌చార్జి కోర్టులో వేసుకోమంటారు. అక్కడికెళితే కట్ట లేదంటారు. కట్ట కోసం ఇక్కడికొస్తే, "పైనుంచి మెమో వస్తే పంపుతాం, రేపు రండి" అంటాడు గుమాస్తా, తలెత్తకుండానే.